మంచుకొండ మీద కోరంగి మోకు

మాది కోరంగి. మా ఇంట్లో మగవాళ్ళు ఓడల మీద కళాసీలు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి అమ్మేవాళ్ళు. నేను పన్నెండేళ్ళకే ఓడెక్కాను. మద్రాసు, కలకత్తా, రంగూను రేవులన్నీ చూశాను. అయితే నాకు పేరొచ్చింది మోకుల పనిలో. మోకంటే ఓడకు వాడే లావుపాటి తాడు. తెగిన మోకు రెండు కొసల పురులూ విప్పి, ఒకదానిలో ఒకటి జొనిపి, అతుకు ఎక్కడుందో చేతికి తెలియకుండా కలిపేవాణ్ణి. నేను అతికిన తాడు మరోచోట తెగిందేమో గాని, అతుకు దగ్గర ఎప్పుడూ ఊడలేదు. గొప్పకు చెప్పడం లేదు. నాతో ఓడెక్కినవాళ్ళు మా రేవులో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, అడిగితే వాళ్ళే చెబుతారు.

ముప్పై ఏళ్ళు దాటేదాకా నేను కొండ ఎక్కిందే లేదు. మా నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఎత్తంటే మాకు కాలవ గట్టు, దాన్ని మించితే తెరచాప కొయ్య. ఓడ తుని దాటి ఉత్తరంగా పోతుంటే ఒడ్డు వైపు నీలంగా కొండలు కనబడేవి. ఎంత దూరం వచ్చామో వాటిని చూసి చెప్పుకునేవాళ్ళం. అంతకు మించి వాటితో మాకు పని లేదు.

ఒకసారి కాకినాడలో వర్తకం చేసే దొర ఒకాయన పొగఓడ అందక, కలకత్తా వెళ్ళే మా తెరచాప ఓడ ఎక్కాడు. దారిలో గాలివాన పట్టుకుంది. కొయ్యను నిలబెట్టే మోకు ఒకటి తెగింది. నేను పైకెక్కి, కాళ్ళతో కొయ్యను కరచుకుని, అక్కడే దాన్ని అతికాను. కిందికి దిగేసరికి దొర తడిసి ముద్దయి నిలబడి నన్నే చూస్తున్నాడు.

మర్నాడు గాలి తగ్గాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు తెలుగు వచ్చు. మాటలన్నీ సరైనవే గాని, పుస్తకంలోంచి చదివినట్టుండేవి.

"నీవు కొండ ఎక్కెదవా?" అన్నాడు.

"ఎందుకండి?"

"పైకి వెళ్ళుటకు."

"పైన ఏముందండి?"

"మంచు. మరేమీ లేదు."

వేళాకోళం అనుకున్నాను. కాదట. సెలవు దొరికినప్పుడల్లా ఆయన ఉత్తరాన మంచుకొండలకు వెళ్తాడట. అక్కడ మనుషులు ఒకరికొకరు తాడు కట్టుకుని ఎక్కుతారట. కిందటిసారి తాడు తెగి ఒక కూలీ కాలు విరిగిందట. "దారి చూపుటకు అక్కడ మంచి మనిషి ఉన్నాడు. తాడు చూచుటకు లేడు," అన్నాడు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె పరిచిన చేపలు తిరగేస్తూ వింది.

"ఎంత ఎత్తంట?"

"మబ్బుల కంటే పైకంట."

"తాడు ఆయనదా, నీదా?"

"ఆయన సీమ నుంచి తెప్పించుకున్నాడంట."

"అయితే మనది కూడా ఒకటి పట్టుకెళ్ళు," అంది.

ఆమె అన్నది అంతే. వెళ్ళు అనలేదు, వద్దు అనలేదు. ఆ పదిహేను రోజులూ ఇద్దరం పెరట్లో జనుము పేనాం. ఆమె పురి తిప్పేది, నేను వెనక్కి నడుస్తూ బిగువు చూసుకునేవాణ్ణి. బొటనవేలంత లావున నలభై బారల తాడు తయారైంది. ఎక్కడా అతుకు లేదు. పడవలకు పూసే చేపనూనె దానికి నాలుగుసార్లు పట్టించాను.

కాకినాడ నుంచి పొగఓడ మీద కలకత్తా, అక్కణ్ణుంచి రైలు, ఆ తర్వాత కొండ చుట్టూ తిరుగుతూ ఎక్కే బుల్లి రైలు. అది దిగిన మర్నాడు పొద్దున బయటికొచ్చి చూస్తే ఆకాశంలో సగం దాకా ఒక తెల్ల మబ్బుంది. మొహం కడుక్కుని వచ్చాను, అది అక్కడే ఉంది. చుట్ట కాల్చాను, అప్పటికీ కదల్లేదు. అప్పుడర్థమైంది, మేం వెళ్ళాల్సింది దాని వైపేనని. భయం వెయ్యలేదు. ఒక కొత్త రేవు కనబడినట్టనిపించింది.

మాకు దారి చూపే పెద్దాయన అక్కడే కలిశాడు. అక్కడి కొండజాతి మనిషి, పొట్టివాడు, యాభై దాటి ఉంటాయి. చెవికి వెండిపోగు, మొహం ఎండకీ చలికీ కమిలి నల్లబడిపోయింది. ఓడల మీద నేర్చిన హిందుస్తానీ నాకు కొంచెం వచ్చు, ఆయనకూ కొంచెం వచ్చు. ఆయన ముందు నా పాదాల వంక చూశాడు. చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా ఓడ బల్లల మీద తిరిగిన కాళ్ళు కదా, వేళ్ళు విడిపోయి ఉంటాయి.

"బాతు కాళ్ళు," అన్నాడు.

తర్వాత నా తాడు తీసి వాసన చూశాడు. "ఏంటిది?"

"చేపనూనె. నీళ్ళు పట్టకుండా."

"దొర తాడు బాగుంది. నీది కంపు కొడుతోంది," అన్నాడు. "మంచు తగిలాక చూద్దాం."

పన్నెండు రోజులు నడిచాం. ఒక వంతెన దాటాక అక్కడ రాజు వేరన్నారు. దొర ఏదో కాగితం చూపించాడు. అడవిలో జలగలు, ఆ తర్వాత రాళ్ళు. మొదటి మూడు రోజులూ నాకు ఊపిరి ఆడలేదు. బూట్లు కరిచి మడమలు పుళ్ళయ్యాయి. నేను తొందరపడి నాలుగు అంగలు వేసేవాణ్ణి, ఆగి రొప్పేవాణ్ణి. పెద్దాయన వెనక్కొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"పైకి చూడకు. నా మడమ చూడు. సాయంత్రం గుడారం వేశాక కూడా ఇంకో మైలు నడవగలిగేలా ఇప్పుడు నడు."

అలాగే నడిచాను. వారం తిరిగేసరికి నా ఊపిరి నా మాట వింది.

ఒక మధ్యాహ్నం టీ కాచుకుంటూ ఆయన సముద్రం గురించి అడిగాడు. ఆయన ఎప్పుడూ చూడలేదు.

"అక్కడ కూడా దారి చూపేవాడు ఉంటాడా?"

"ఉంటాడు. సరంగు అంటారు."

"అతను వద్దంటే?"

"ఓడ కదలదు."

ఆయన చాలాసేపు తల ఆడించాడు. ఆ మాట బాగా నచ్చినట్టుంది, మర్నాడు కూలీలందరికీ చెప్పాడు.

మంచులోకి వెళ్ళిన రెండో రోజు పొద్దున దొరగారి సీమ తాడు కర్రలా బిగుసుకుపోయింది. పగలు తాగిన నీరంతా అందులో గడ్డకట్టింది. ముడి పడదు, పడితే విప్పలేం. నా తాడూ కొంచెం బిరుసెక్కింది గాని, చేత్తో నలిపితే లొంగింది. పెద్దాయన రెండూ పట్టుకు చూసి, నాది తీసి నడుముకు చుట్టుకున్నాడు. కంపు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఒకే తాడుకు ముందు ఆయన, మధ్యలో దొర, చివర నేను. అక్కడ గడ్డకట్టిన ఏరొకటి ఉంది. వేసవిలో మా చేలు నెర్రెలు విచ్చినట్టే అది కూడా విచ్చి ఉంటుంది, కాకపోతే ఆ నెర్రెల్లో మనుషులు పట్టేస్తారు. పైన కొత్త మంచు కప్పేసి కనబడవు. పెద్దాయన కర్రతో పొడుస్తూ దాటాడు. దొర ఒక జానెడు పక్కకి అడుగేశాడు. చప్పుడు లేకుండా చంకల దాకా దిగిపోయాడు, మరుక్షణం టోపీ కూడా కనబడలేదు.

నేను ఆలోచించలేదు. చేతిలో ఉన్న మంచుగొడ్డలి కర్రను తల దాకా మంచులోకి దిగేసి, తాడు దానికి రెండు చుట్లు చుట్టి, దాని మీద కూర్చున్నాను. రేవులో ఓడ లాగేస్తున్నప్పుడు గుంజకు మోకు చుట్టి ఆపుతాం చూడండి, అలాగే. ఓడ ముందు దొరగారి బరువెంత? అవతల పెద్దాయన కూడా బిగబట్టాడు. ఆయన లాగుతుంటే నేను వదులు తీసుకుంటూ, ఇద్దరం కలిసి పైకి చేర్చాం. దొర మంచు దులుపుకున్నాడు. తర్వాత తాడు మీద చెయ్యి వేసి, "ఇది మీ ఇంట్లో చేసినదా?" అన్నాడు.

"నేనూ మా ఆడమనిషీ చేశామండి."

"ఆమెకు నా నమస్కారములు," అన్నాడు.

నాలుగు రోజులకు ఆయన ఎక్కాలనుకున్న శిఖరం కిందికి చేరాం. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. ముందు రోజు రోజంతా మంచు కురిసింది. శిఖరానికి దారి తెల్లటి ఏటవాలు మీదుగా. పెద్దాయన దాని అంచున ఆగి, కర్ర గుచ్చి తీశాడు. మరికాస్త పక్కన గుచ్చాడు. చెవి ఆనించి విన్నాడు. తర్వాత చతికిలబడి కూర్చున్నాడు.

"ఇవాళ కాదు. పై మంచు కింది మంచుకు అతుక్కోలేదు. మన బరువుకు మొత్తం జారుతుంది."

దొర చాలాసేపు వాదించాడు. ఇంకో రెండు గంటల్లో పైన ఉంటామన్నాడు. పెద్దాయన లేవలేదు. అప్పుడు దొర నా వైపు తిరిగి, ఆయనకు అర్థం కాకుండా తెలుగులో అడిగాడు.

"ఈ తాడు ముగ్గురినీ ఆపగలదా?"

"ఆపుతుందండి."

"అయితే ఆ సంగతి అతనికి చెప్పు."

"తాడు తెగదండి. కాని తాడు ఆపాలంటే కదలకుండా ఏదో ఒకటి ఉండాలి కదండి. ఒక తుపానులో మా రేవులో గుంజతో సహా గట్టు కొట్టుకుపోయింది. ఓడకు కట్టిన మోకు ఎక్కడా తెగలేదు. ఓడ మాత్రం దక్కలేదు. ఇక్కడ గట్టే కదులుతుందంటున్నాడాయన."

"నీకు పని ఇచ్చినది నేను."

"అందుకే చెబుతున్నానండి."

ఆయన మొహం ఎర్రబడింది. శిఖరం వంక చూశాడు, మా వంక చూశాడు. చేతిజోళ్ళు తీసి మళ్ళీ తొడుక్కున్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

ఆ రోజు మంచు జారలేదు. మర్నాడూ జారలేదు. గుడారం ముందు కూర్చుని దొర దానివంక చూస్తూనే ఉన్నాడు. "చూచితివా, అట్లే ఉన్నది," అన్నాడొకసారి. నేను తాడు ఆరేసుకుంటూ ఉండిపోయాను. కాని మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. పెద్దాయన దగ్గరకెళ్ళి, "జారలేదు," అన్నాను.

"జారనందుకు బాధగా ఉందా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ ముల్లు అప్పుడే పోయింది.

మూడో రోజు ఆయన మమ్మల్ని వేరే వైపు తీసుకెళ్ళాడు. అటువైపు రాళ్ళగట్టు, పైన చిన్న శిఖరం ఒకటి ఉంది. పట్టు ఉన్నచోటల్లా నేను రాతికి తాడు వేసి బిగించాను, దొర దాన్ని పట్టుకుని ఎక్కాడు. పొద్దు నడినెత్తికి రాకముందే పైనున్నాం. నాకు ఎత్తు కొత్త కాదు. తెరచాప కొయ్య కొసన కూర్చుని భోంచేసినవాణ్ణి. కాని కొయ్య మీద ఎప్పుడూ ఊగుతూనే ఉంటాం. ఇది ఊగలేదు. అంత ఎత్తున కదలకుండా నిలబడడం నాకదే మొదలు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, చేతులు వదిలేసి నిలబడ్డాను. ఒళ్ళంతా తేలికైపోయింది. దొర పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పెద్దాయన ఒక గుడ్డపీలిక రాళ్ళ మధ్య కట్టి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

దిగి వచ్చాక, విడిపోయే ఊళ్ళో ఆయనకు రెండు రోజులు కూర్చుని అతుకు వెయ్యడం నేర్పాను. తాడు ఆయనకే ఇచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ సంగతి నా భార్యకు చెప్పాను. "ఆయనకు అతకడం వచ్చా?" అని అడిగింది. నేర్పానన్నాను. "అయితే సరే," అంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం నమ్మలేదు. యానాం సంతలో నన్ను నిలబెట్టి, నీళ్ళను గొడ్డలితో కొట్టాల్సి రావడమేంటని నవ్వారు. నవ్వనిచ్చాను.

ఏడాది తిరిగేసరికి దొర మళ్ళీ కొండకు రమ్మంటూ మా రేవుకు తనే వచ్చాడు. నేను పడవ అడుగు గీకుతున్నాను.

"వస్తానండి," అన్నాను. "కాని పైన పెద్దాయన ఆగమంటే ఆగాలి. తాడు బాగుంది కదా అని నన్ను మళ్ళీ అడగకూడదు."

దొర కాసేపు గోదారి వైపు చూశాడు. "అడగను," అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా.

ఆ రెండోసారి వర్షాలు పట్టుకుని సగం దారిలోనే తిరిగొచ్చాం. మూడోసారి ఎండలు ముదిరి, రాత్రుళ్ళు చలి గట్టిగా ఉన్న రోజుల్లో వెళ్ళాం. ఆ తెల్లటి ఏటవాలు అంచున పెద్దాయన కర్ర గుచ్చాడు. కర్ర దిగలేదు. చెవి ఆనించి విని లేచాడు. తన నడుముకున్న తాడు విప్పి, కొసలు మార్చి, ముందు కొస నా నడుముకు కట్టాడు.

"బాతు కాళ్ళకు ఇది సరైన నేల. నువ్వు నడు, మేం వస్తాం," అన్నాడు.

నడిచాను.