నాలుగు బేస్ పెట్టెలు, నట్టనడుమ కుర్చీ

పాటలు వినడానికి నాలుగు బేస్ పెట్టెలు తెప్పించి, వాటి పుణ్యమా అని ఏ జబ్బూ లేని మొగుణ్ణి షుగరు పరీక్షకు నడిపించిన ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే వికారాబాద్ రండి, నేనే. అప్పటికి నాది చిన్నవయసు, అరవై ఏడు. ఇప్పుడు డెబ్బై ఒకటి, బుద్ధి వచ్చింది. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. సగం లెక్క చూసి మార్కులు వేసే అలవాటు నాకు లేదు కనుక మీరూ చివరిదాకా చదివి నవ్వాలి.

మా ఆయన అదే బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఆయన అసలు చదువు మాత్రం డోలక్. ఇరవై ఆరేళ్లు ప్రతి శనివారం భజన బృందంలో డోలక్ వాయించారు. నాలుగేళ్ల కిందట శ్రావణంలో అనంతగిరి మెట్ల మీద తడిబండపై జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది, వేళ్లు మాత్రం మాట వినలేదు. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతి గూట్లోనే ఉండిపోయింది. భజనకు పోవడం మానేశారు. ఆయన బాధ పైకి చెప్పే మనిషి కాదు, నేను అడగకుండా ఊరుకునే మనిషిని కాదు. ఇద్దరం అయిదు నెలలు ఒకరినొకరం గెలవనివ్వలేదు.

ఒకరోజు పాత భజన రికార్డు పెట్టుకుని విన్నారు. పాటలు వచ్చాయి, తాళాలు వచ్చాయి, డోలక్ మీద కుడిచేతి టకటక వచ్చింది. ఎడమచేతి ‘ధుం’ మాత్రం ఆ చిన్న స్పీకర్లలో రాలేదు.

“నా ఎడమ చెయ్యి గిండ్ల గూడ లేకపాయె, బాలమణీ,” అన్నారు.

అంతే అన్నారు. ఆ ధుం ఆయనకు వినిపించి తీరాలని నేను పంతం పట్టాను.

ఆ రికార్డు చేసింది మా తమ్ముడు యాదగిరి. తాండూరులో పెళ్లిళ్లకు, జాతరలకు సౌండు పెట్టడం వాడి పని. ఫోన్ చేశాను.

“బేస్ కోసం, అంటే గా ధుం కోసం, వేరే పెట్టె ఉంటదక్కా, సబ్‌వూఫర్ అంటరు. ఒక్కటి సాలు, తెస్త.”

“ఒక్కటి పెడితే గది ఒక పక్కకు ఒరుగుతది. రెండు తే.”

“గదేమన్న పడవానే అక్కా, ఒరుగుతానికి?”

“రెండు తే అన్న గద!”

మాఘ శుద్ధ పంచమి, గురువారం నాడు తెచ్చాడు. మా పాటల గది పన్నెండడుగులకు పన్నెండడుగులు. కట్టేటప్పుడు మూల నుంచి మూలకు దారం పట్టి, మేస్త్రీ చేత దండం పెట్టించుకుని మరీ సరిచేయించాను. కింద రెండడుగుల తాండూరు బండలు, వరుసకు ఆరు, మొత్తం ముప్పై ఆరు. నడిమి నాలుగు బండలు కలిసే చుక్క మీద ఆయన కుర్చీ వేశాను. తూర్పు గోడ మధ్యన ఒక పెట్టె, పడమటి గోడ మధ్యన ఒకటి. అటు నుంచి కుర్చీకి అయిదడుగుల ఒక అంగుళం. ఇటు నుంచి అంతే. తమ్ముడు తీగలు కలిపి, తాండూరు రైలుకు టైమైందని పరుగెత్తాడు.

వాడు వీధి మలుపు తిరగకముందే పెట్టె వెనక నా కంట ఒక చిన్న స్విచ్చి పడింది. ఒక పక్క సున్నా, ఇంకో పక్క నూట ఎనభై. మీరే చెప్పండి. ఒక పెట్టె ముఖం పడమటికి, ఇంకోదాని ముఖం తూర్పుకు. రెంటి మధ్య కోణమెంత? ఏడో తరగతి పిల్లయినా చెబుతుంది, నూట ఎనభై డిగ్రీలు! కంపెనీవాళ్లు ఎంత ముందుచూపుతో ఆలోచించారో అని మురిసిపోయి, తూర్పుదాన్ని సున్నా మీద ఉంచి, పడమటిదాన్ని నూట ఎనభైకి తిప్పాను. పెట్టెను మళ్లీ గోడ వైపు జరిపాను. ఆ స్విచ్చి సంగతి ఎవరికీ చెప్పలేదు. సరైన జవాబు రాసినవాళ్లు చాటింపు వేసుకోరు కదా.

ఆయన్ని కూర్చోబెట్టి భజన పెట్టాను.

“ఎట్లున్నది?”

“ఇనవడ్తలేదు.”

“రెండు పెట్టెలున్నయ్, ఇనవడకపోవుడేంది? జర మంచిగ ఇనుండ్రి.”

“మంచిగనే ఇంటున్న. మునుపు లేకుండె, ఇప్పుడు గూడ లేదు.”

చప్పుడు పెంచాను. కుర్చీలో ధుం లేదు కాని పక్కింటి మేరమ్మ చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. మా రెండిళ్లకూ ఒకటే గోడ.

“ఏం టీచరమ్మా, మా అటక మీది గిన్నెలన్ని ఒక్కసారే భజన అందుకున్నయ్! నీ ఇంట్ల ఏమైతుంది?”

“మా ఇంట్ల ఏం ఇనవడ్తలేదు మేరమ్మా, గదే పరేషాన్.”

“గిదేం చోద్యమమ్మా! పాట మీది, అదురుడు మాదా?”

రెండు చాలలేదని తేల్చి, తొమ్మిది రోజులకు, శనివారం నాడు ఇంకో రెండు తెప్పించాను. ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి. యాదగిరి గదంతా తిరిగి చూశాడు.

“అక్కా, కుర్చీ జర ఎనకకు జరిపి చూద్దమా? మూరెడు జాలు.”

“చుక్క మీది నుంచి అంగుళం జరుగది.”

“ఒక్కపారి...”

“యాదగిరీ, నీకు ఎక్కాలు నేర్పింది ఎవరు?”

వాడు తీగలు కలిపి పోయాడు. వాడు పోగానే ఉత్తరానిది సున్నా, దక్షిణానిది నూట ఎనభై చేశాను. నిజానికి వీటికి తొంభై, రెండు వందల డెబ్బై ఉండాలి. స్విచ్చిలో అవి లేవు. కంపెనీవాళ్ల లెక్క అంతవరకే వచ్చిందని జాలిపడ్డాను. టేపు పట్టుకుని, నొప్పి మోకాళ్ల మీద బండ బండా పాకి, నాలుగు దూరాలూ మళ్లీ సరిచూశాను. దీపం కింద చీకటి అంటారు. నేను నాలుగు దీపాలు వెలిగించి మరీ నట్టనడుమ చీకటి తయారుచేస్తున్నానని నాకేం తెలుసు?

“ఇప్పుడు చెప్పుండ్రి.”

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. కళ్లు తెరిచి, నేల మీద కూలబడి మోకాళ్లు రుద్దుకుంటున్న నన్ను చూశారు.

“మంచిగున్నది,” అన్నారు.

ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర పదో తరగతి ఫలితాల్లో నూటికి నూరు శాతం వచ్చిన ఏడాది కూడా పట్టలేదు.

రెండో వారం నుంచి ఒక తేడా గమనించాను. భజన మొదలవగానే ఆయన “నీళ్లు తాగొస్త” అని లేచి పోతున్నారు. తొందరగా తిరిగి రావడం లేదు. నేను రాసి పెట్టాను. ఆ వారం సగటున ఆరు నిమిషాలు. మూడో వారం పదకొండు. నాలుగో వారం పంతొమ్మిది. అంత దాహం, అన్ని నీళ్లు. మీకేం తోస్తుంది? నాకూ అదే తోచింది. పరగడుపున ఆసుపత్రికి తీసుకుపోయి, నా కాగితం డాక్టరు ముందు పెట్టాను. డాక్టరు కాగితం చూశాడు, రిపోర్టు చూశాడు, నన్ను చూశాడు.

“సారుకు షుగర్ లేదమ్మా. మీరొకసారి ఇటు కూర్చోండి, మీ బీపీ చూస్తా.”

జబ్బు లేదని తేలాక అనుమానం ఇంకా పెరిగింది. నలభై ఒకటో రోజు, శుక్రవారం సాయంత్రం, ఆయన లేవగానే నేనూ వెనకే నడిచాను. వంటింట్లో లేరు. పడమటి గోడ వెనక సామాన్ల కొట్టు తలుపు ఓరగా ఉంది.

లోపల ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా బియ్యం డ్రమ్ము. గోడ అవతలి నుంచి ధుం, ధుం అని గుండెకు తగిలేటట్టు వస్తోంది. డ్రమ్ము మూత మీద ఆయన ఎడమచేతి వేళ్లు దాంతోపాటే పడుతున్నాయి. ఏడు నెలలుగా రబ్బరు బంతిని నొక్కని వేళ్లు. మెల్లగా, బొటనవేలు వెనకబడుతూ, కాని పడుతున్నాయి. ఎంతసేపు నిలబడ్డానో ఆ రోజు కాగితం మీద లేదు.

“ఈడ ఏం చేస్తున్నరు?”

ఉలిక్కిపడ్డారు. “నీళ్లు...”

“నీళ్లు వంటింట్ల ఉంటయ్. ఇవి బియ్యం.”

“ఈడ ఇనవడ్తది, బాలమణీ.”

“మరి కుర్చీల?”

“కుర్చీల ఒక్కనాడు గూడ ఇనవడలే.”

“మంచిగున్నదన్నరు గద! నలభై ఒక్క రోజులు!”

“నువ్వు గా మోకాళ్లతోని టేపు పట్టుకొని పాకుతుంటివి. ఎట్ల చెప్త?”

మర్నాడు పొద్దున్నే తాండూరు నుంచి యాదగిరి వచ్చాడు. పెట్టెలు ముందుకు లాగి, వెనక చూసి, నేల మీద చతికిలపడి నవ్వాడు. టవలు నోట్లో కుక్కుకుని కూడా నవ్వాడు.

“అక్కా, అది పెట్టె మూతి ఎటున్నదో చెప్పే స్విచ్చి గాదే! నూట ఎనభై వెడితే, ఇది గాలిని ముందుకు నూకినప్పుడల్ల అది ఎనకకు గుంజుతది. రెంటికి సమానం దూరంల కూసున్నోనికి ఏం మిగులుతది? సున్న.”

“అంటే నేను కొలిచింది తప్పంటవా?”

“తప్పు గొలిస్తే బతికిపోదుము! మూరెడు తేడా వచ్చినా బావకు జరంత ఇనవడుతుండె. ఇంత సక్కగ కొలిచినోళ్లను నేనేడ జూడలే.”

నాలుగు స్విచ్చిలూ సున్నాకు తెచ్చాడు. మా ఆయన కుర్చీలో కూర్చున్నారు. భజన మొదలైంది. ధుం! కాళ్ల కింద బండ అదిరింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను పైట సర్దుకుని, బహుమతి ఇవ్వడానికి వచ్చిన ముఖ్య అతిథిలాగా నిలబడ్డాను. రెండో చరణం దాటాక ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“ఆపు. మల్లొకపారి పెట్టు.”

మళ్లీ పెట్టాం. తల వంచి విన్నారు.

“యాదగిరీ, నా ఎడమ చెయ్యి సగం దెబ్బ ఎనక పడ్తుంది గదరా.”

యాదగిరి పైకప్పు వైపు చూశాడు. “అవు బావా.”

“ఎప్పటి సంది?”

“మొదటి సంది. అందరికి ఎరుకనే.”

“ఇరవై ఆరేండ్లు! ఒక్కడన్న చెప్పలేదేందిరా?”

“నువ్వు కండ్లు మూసుకొని నవ్వుకుంట కొడ్తుంటివి బావా. ఎట్ల చెప్తం?”

 మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకుంటూ, “మల్ల నూట ఎనభైకే తిప్పుండ్రి!” అన్నారు. తప్పని తెలిశాక తప్పు జవాబును మళ్లీ రాయించడం నా వల్ల కాదన్నాను, ససేమిరా ఒప్పుకోలేదు.

పై నెల ఆయన డోలక్ ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక చరణమంతా వాయించారు. గడియారం ముందు పెట్టుకుని విన్నాను. ధుం ఇంకా సగం దెబ్బ వెనకే. సగం మార్కు కోసం ఏడ్చిన పిల్లలకు కూడా ముప్పై నాలుగేళ్లు కరగని మనిషిని.

“ఎట్లున్నది?” అన్నారు.

“మంచిగున్నది,” అన్నాను.

అందుకే అనంతగిరి పద్మనాభస్వామి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ పెట్టె వెనక ఏ స్విచ్చి కనబడినా చేతులు కట్టుకుని నిలబడతాను. ఇకపైన మా ఇంట్లో ఎవరు ‘మంచిగున్నది’ అన్నా, అది నా నోటి నుంచి వచ్చినా సరే, స్టెప్పులు చూపించనిదే ఒక్క మార్కు కూడా వెయ్యను.