కల్లంలో కలిసిపోయిన సర్వే రాళ్లు

మొన్న అకాల వాన పడిందా, మా ఊళ్లో మిరపకాయ ఒక్కటీ తడవలేదు. తడిసింది నా పరువొక్కటే! ఎలాగో చెబుతా, వినండి.

మాది దర్శి దగ్గర పల్లెటూరు. ఫోన్లకీ బ్యాటరీలకీ కావలసిన ఖనిజాలు పైదేశాల నుంచి కొనే బదులు మన నేలలోనే ఎక్కడున్నాయో చూద్దామని, భూగర్భ సర్వేవాళ్లూ యూనివర్సిటీవాళ్లూ కలిసి మా చుట్టుపక్కల మ్యాపు గీస్తున్నారు. జీపులోంచి సుత్తి పట్టుకుని దిగిన ఆఫీసరమ్మ ఎవరనుకున్నారు? మా సునీత! ఇరవయ్యేళ్ల క్రితం నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. గౌను ఒడిలో రాళ్లు పోసుకొచ్చి, "ఇదేం రాయి సార్?" అని ప్రాణం తీసేది. నాకేం తెలుసు! "నల్లరాయమ్మా" అనేవాణ్ని. మర్నాడు ఇంకోటి. "ఇదీ నల్లరాయే, కూర్చో." వాగు వెంట పిల్లల్ని తిప్పడానికి తీసుకెళితే, తిరుగుదారిలో అందరికంటే బరువు దాని సంచే. ఎంత మంచి రోజులవి!

ఇప్పుడు రెండు వారాలు గుట్టలూ తిప్పలూ అన్నీ తిరిగి, తెచ్చిన రాళ్లు గుడ్డసంచుల్లో కట్టి మా స్కూలు వరండాలో పెట్టింది. నంబర్లు సంచుల మీదే ఉన్నాయి.

"రేపు ల్యాబుకి పంపాలి సార్. సాయంత్రం వచ్చి రాళ్ల మీద కూడా నంబర్లు రాస్తా. కాస్త చూస్తుంటారా?"

"నేనున్నాగా!" అన్నాను.

మూడింటికి మబ్బు కమ్మింది. స్కూలు పక్కనే సుబ్బాయమ్మ మిరప కల్లం, కాయల మీద టార్పాలిన్ పట్టా. సుబ్బాయమ్మ కేక పెట్టింది: "మాస్టారూ! పట్టా లేచిపోతోందండీ! రాళ్లు, రాళ్లు!"

మిరప పండించే ఊళ్లో ఆ కేక వినబడితే ఎవడూ ఆలోచించడు. చేతికందిన బరువు పట్టా అంచు మీద పెట్టడమే. మాదా నల్లరేగడి, కల్లం దగ్గర రాయి దొరకడమే గగనం. వరండా నిండా రాళ్లు! పైగా నా తెలివి చూడండి: సంచులు తడిస్తే నంబర్లు చెరిగిపోతాయని, రాళ్లన్నీ పట్టా అంచుల మీద గుమ్మరించి, సంచులు నీటుగా మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాను!

వాన వెలిశాక సునీత వచ్చింది.

"సార్, సంచులేవి?"

"భద్రంగా ఉన్నాయమ్మా."

"రాళ్లో?"

కల్లం వైపు చూపించాను. మెట్టు మీద కూలబడిపోయింది.

"ఎక్కడ దొరికిందో తెలియకపోతే అది ఉత్త రాయే సార్. రెండు వారాల పని..."

చిన్నప్పుడు పలక పగిలిన రోజున పెట్టిన మొహమే. సుబ్బాయమ్మ ఊరుకుంటుందా? "ఎందుకమ్మా దిగులు? కడిగినట్టు ఎలా మెరుస్తున్నాయో చూడు!"

సునీత తన నోట్‌బుక్కూ, ఫోన్లో తీసిన ఫొటోలూ ముందేసుకుని, చీకటి పడేదాకా ఒక్కో రాయినీ దాని సంచిలోకి చేర్చింది. పదకొండు రాళ్లు మాత్రం ఏ సంచికీ కలవలేదు. ల్యాబుకి ఫోన్ చేసి ఒక్కరోజు గడువు అడిగి, నా వైపు తిరిగింది.

"ఆ పదకొండు చోట్లకీ మళ్లీ వెళ్లి రాళ్లు తేవాలి. పొద్దున్నే ఆరింటికి రెడీగా ఉండండి సార్."

మర్నాడంతా తిప్పల మీద ఆమె ముందు సుత్తితో, నేను వెనక సంచితో. రాయి కొట్టడం, దాని మీద నంబరు రాయడం, నా సంచిలో వేయడం. పత్తిచేలో వెంకట్రావు చూడనే చూశాడు.

"ఏం మాస్టారూ, రాళ్లు మోస్తున్నారు? ఏం తప్పు చేశారేంటి?"

నేను నోరు తెరిచేలోపే సునీత అందుకుంది: "సార్‌కి హోంవర్క్ ఇచ్చాను బాబాయ్!"

పదకొండూ దొరికాయి. జీపు ఎక్కే ముందు ప్రతి నంబరూ రెండేసిసార్లు సరిచూసింది. పిల్లకి చదువు గట్టిగానే చెప్పానని గర్వంగా ఉందండీ. నడుం నొప్పి తగ్గితే ఇంకాస్త గర్వపడతాను.