మిరప నేలలో ఇంగ్లీషు కవాతు

జూన్ నెలాఖరు, మధ్యాహ్నం రెండు గంటలకు ఒంగోలులో రైలు దిగాను. అంతకు ముందు సైన్యంలో నా డ్యూటీ మంచు కొండల మీద. ట్రంకు పెట్టె, పరుపు చుట్టిన హోల్డాలు, అందులో ఇక ఎందుకూ కొరగాని ఉన్ని కోటు. కనిగిరి బస్సెక్కి కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఆర్డరు ఒక్కటే: అక్కడి కాలేజీ కేడెట్లకు డ్రిల్లు, తుపాకీ నేర్పాలి. ఇంగ్లీషు నేర్పమని అందులో లేదు. అది నా సొంత పెత్తనం.

కారణం ఏసోబు. కేడెట్లలో సెక్షన్ కమాండరు, పొడగరి. తల్లి మిరప కోతలకు పోయేది. కేడెట్ల పెద్ద సర్టిఫికెట్ వస్తే సైన్యంలో ఆఫీసరు ఎంపికకు రాతపరీక్ష లేకుండా పిలుస్తారు. రాకపోతే వాడికీ మిరప చేలే గతి. డ్రిల్లులో వాడికి సాటి లేరు. కానీ పరీక్షకు వచ్చే కర్నలు ఇంగ్లీషులో అడుగుతాడు. ఇంగ్లీషనగానే వాడి నోరు పెగిలేది కాదు. క్లాసులో ఒక్క తప్పు దొర్లితే ఇంగ్లీషు లెక్చరరు దాన్ని నెలంతా చెప్పి నవ్వించేవాడు.

అలా నవ్విస్తే ఎలాగండీ అని నేనడిగితే ఆయన అన్నాడు: "తుపాకీ మీది, గ్రామరు మాది హవల్దారు గారూ. కూలోళ్ల పిల్లలకి ఇంగ్లీషెందుకండీ?"

ఒళ్లు మండింది. "ఎందుకో చూద్దురు గానీ," అన్నాను.

కవాతులో అడుగు తప్పితే "జైసే థే!" అని కేకేస్తాం. ముందున్నట్టే నిలబడి మళ్లీ చెయ్యాలి. ఎవరూ నవ్వకూడదు. ఆ పద్ధతే ఇంగ్లీషుకూ పెట్టాను. రోజూ సాయంత్రం అయిదింటికి పత్తి చేల పక్క గ్రౌండులో వరసగా నిలబెట్టి తలా ఒక వాక్యం చెప్పించేవాణ్ణి.

"హి డిడ్ నాట్ వెంట్," అన్నాడు ఏసోబు.

"జైసే థే! ఒరేయ్, గేటు దగ్గర ఒక సెంట్రీ చాలడా? డిడ్ కాపలా ఉండగా వెంట్ ఎందుకురా? గో అను."

"హి డిడ్ నాట్ గో!"

"గట్టిగా!"

పత్తి తీసే ఆడవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. చూడనీ అనుకున్నాను.

జనవరిలో పరీక్ష. కర్నలు పక్కనే లెక్చరరు కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర అటెన్షన్‌లో ఉన్నాను. మీ నాన్న నిన్న ఏం చేశాడని కర్నలు అడిగాడు.

"మై ఫాదర్ డిడ్ నాట్ వెంట్..."

లెక్చరరు కిసుక్కుమన్నాడు.

"జైసే థే!" తనకు తనే కేకేసుకున్నాడు ఏసోబు. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. "మై ఫాదర్ డిడ్ నాట్ గో టు వర్క్, సర్!"

కర్నలు లెక్చరరు వైపు ఒక చూపు చూసి, "క్యారీ ఆన్," అన్నాడు.

ఏసోబు పాసయ్యాడు. నాకూ నా పటాలానికి తిరిగి రమ్మని ఆర్డరు వచ్చింది. రిటైరై ఇంటికొచ్చాక అందరూ మంచు కొండల కబుర్లే అడుగుతారు. నాకు గుర్తున్నది ఆ కాలేజీ వరండా. పరీక్ష రోజు ఏసోబు వాళ్లమ్మ కోతకు పోకుండా వచ్చి, కిటికీ పక్కన నిలబడి అంతా విన్నది. నేను బయటికి రాగానే అడిగింది:

"మావోడు తప్పు మాట్టాడాడా అయ్యా?"

"మాట్లాడాడమ్మా."

"మరి తలొంచుకోలేదేందయ్యా?"

బయటికి నడిచొస్తున్న కొడుకును చూస్తూ తనూ మెడ నిటారుగా ఎత్తి నిలబడింది.