ముసుగు కింద ఎండు రొయ్యల వాసన

దెయ్యాలంటే నేను నవ్వేవాణ్ని. కొండ పక్కన ఎవరూ ఉండని విల్లాలో నెల రోజులు ఒక్కణ్నే పడుకుని టైల్స్ వేశాను. గురక తప్ప అక్కడ ఏ చప్పుడూ వినలేదు, అది కూడా నాదే. అలాంటి నాకు ఈ సంగతి మాత్రం అంతుపట్టలేదు.

నాది నిర్మల్ వైపు. గల్ఫ్‌లో, సమాయిల్ అనే ఊళ్లో కంపెనీ రూమ్, ఐదుగురం. రోజుకొకరం చొప్పున సాయంత్రం వంట, సెలవు రోజులైన శుక్ర, శనివారాల్లో అందరం కలిసి. గోడ మీద కాగితంలో బుధవారం ఎదురుగా నా పేరు. ఎవరు వండినా ఉప్పు చూసేది మాత్రం నేనే, ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు.

నిరుడు ముక్కు మూసుకుపోయింది. జలుబే అనుకుని రెండు నెలలు మాత్రలు మింగాను. తీరా చూస్తే ముక్కు వెనక, గొంతు పైభాగంలో క్యాన్సర్. చాలా అరుదుగా వస్తుందట. నాకు లాటరీ ఎన్నడూ తగల్లేదు గానీ ఇది తగిలింది.

ముప్పై మూడు సార్లు రేడియేషన్ పెట్టాలన్నారు. రూమ్‌కి గంట ప్రయాణం దూరంలో, సీబ్‌లో తెలిసినవాళ్లింట్లో ఉండి, ఆదివారం నుంచి గురువారం దాకా రోజూ సాయంత్రం ఆరింటికి ఆసుపత్రికి వెళ్లేవాణ్ని. ముఖానికి అచ్చు తీసి చేసిన ప్లాస్టిక్ ముసుగు తొడిగి, దాన్ని బల్లకి బిగించేవారు. నేను టైల్ కూడా అంత గట్టిగా బిగించను.

నాలుగో వారం ఆదివారం, ముసుగు కింద ఉండగా ఎండు రొయ్యల వాసన వచ్చింది. ఏ వాసనా తెలియని ముక్కుకి! బయటికి రాగానే రూత్ సిస్టర్‌కి చెప్పాను. ఆమెది భీమవరం. రేడియేషన్ పడేటప్పుడు కొందరికి వాసనలు రావడం మామూలేనని ధైర్యం చెప్పింది.

"బ్లీచింగ్ పౌడర్ వాసన అంటారండి. ఎండు రొయ్యలని మాత్రం మీరే మొదట చెప్పారు" అని నవ్వి, నా కార్డు వెనకాల రాసిపెట్టింది.

ఆ తర్వాతే రూమ్‌కి ఫోన్ చేశాను. ఆ రోజు కూర ఎండు రొయ్యలే.

సోమవారం గోంగూర వాసన వచ్చింది. ముందు సిస్టర్ రాసింది, తర్వాత ఫోన్ చేశాను. గోంగూరే వండారు. మంగళవారం వంట మా రూమ్‌లోని గంగారాంది. నాకు మాడిన పప్పు వాసన వచ్చింది. వాడు మాడలేదని వాదించాడు. వెనక నుంచి మిగతావాళ్లు నవ్వారు. చివరికి గిన్నె నానబెట్టానని ఒప్పుకున్నాడు.

కాగితం మీద ఎవరి వంతో ఉంటుంది గానీ ఏం వండుతారో ఉండదు. నేనెలా చెప్పగలను?

బుధవారం ఏ వాసనా రాలేదు. సిస్టర్ కార్డు మీద గీత గీసింది. అప్పటికే నీళ్లు కూడా గొంతు దిగడం లేదు, బట్టలు ఒంటి మీద వేలాడుతున్నాయి. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అని డాక్టర్ చెప్పినా, ఇక నా వల్ల కాదనిపించింది. చావంటే భయమే, కానీ ఆ ముసుగంటే అంతకన్నా భయం వేసింది. ఊరికి వెళ్లిపోతాను, నా బ్యాగు సర్దిపెట్టమని చెప్పడానికి గంగారాంకి ఫోన్ చేశాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఇవాళ ఏం వండారని అడిగాను.

"ఏం వండలేదన్నా. బుధారం నీ వంతు గదా" అన్నాడు. "నువ్వు పోయినకాన్నుంచి బుధారం నాడు స్టవ్ ముట్టిస్తలేం. హోటల్‌కెళ్లి రొట్టెలు తెచ్చుకుంటున్నం. నీ పేరు కొట్టెయ్యలే."

ఎప్పుడో కొట్టేసి ఉంటారనుకున్నాను. బ్యాగు మాట ఎత్తలేదు. ఫోన్ పెట్టేసి, పార్కింగ్‌లో నిలబడి బాగా ఏడ్చాను. మర్నాడు ఆరింటికి ముసుగు కిందికి వెళ్లాను. ముప్పై మూడూ పూర్తయ్యాయి. తర్వాత తీసిన స్కాన్‌లో ఏమీ లేదన్నారు.

గురువారం నుంచి మళ్లీ ఏ వాసనా రాలేదు, ఇప్పటికీ రాదు. ముక్కు దగ్గర అత్తరు పెట్టినా తెలియదు. రోగంతో మూసుకుపోయిన ముక్కుకి అంత దూరాన ఉన్న రూమ్‌లో వంట ఎలా తెలిసిందో, పొయ్యి వెలగని రోజు ఎందుకు ఊరుకుందో డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. కార్డు మాత్రం దాచుకున్నాను.

సమాయిల్ తిరిగొచ్చాక మొదటి బుధవారం కోడికూర వండాను. వాసన లేదు, నాలుకకి రుచి లేదు, చేతి అంచనాతో ఉప్పు వేశాను. నలుగురూ గిన్నె ఊడ్చేశారు, ఒక క్యాన్ నీళ్లు తాగారు.

ఉప్పు రెండింతలు పడిందని గంగారాం నాకు మూడో బుధవారం గానీ చెప్పలేదు.