అందరికీ పద్దెనిమిదే

మా కాలేజీ సైన్సు ల్యాబులో నేను స్టోర్‌కీపర్‌ని. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. సగటు తీయడం, అంకెలు ఎంత చెదిరాయో కొలవడం నాకు నేనే నేర్చుకున్నాను, లైబ్రరీవాళ్లు పనికిరాదని పారేసిన ఒక లెక్కల పుస్తకం చూసి. దానికి అట్ట లేదు, మొదటి పదహారు పేజీలూ లేవు. లెక్క ఎందుకు వేయాలన్నది ఆ పేజీల్లోనే ఉండి ఉంటుంది. ఎలా వేయాలో మాత్రం నాకు బాగా తెలుసు.

ఎనభైల చివర్లో నగరంలోని ఒక మెదడు పరిశోధన సంస్థ నుంచి మా కాలేజీకి ఉత్తరం వచ్చింది. అడవి పల్లెల నుంచి వచ్చి డిగ్రీ చదివే పిల్లల్లో కొందరికి వేసవిలో రెండు నెలలు పని నేర్పుతారట. బాగా చేసినవాళ్లు తర్వాత పై చదువు అక్కడే చదవొచ్చట. వాళ్లు అడిగింది ఒక్కటే: విద్యార్థి స్వయంగా చేసిన ఒక ప్రయోగం, దాని మీద లెక్చరర్ సంతకం.

ప్రయోగం సంగతి తర్వాత, మావాళ్లు ముందు సభ పెట్టారు. భద్రాచలం నుంచి ఒక అధికారి వచ్చారు. వేసిన కుర్చీలు నలభై. అన్నింటిలోనూ సిబ్బంది, అతిథులు కూర్చున్నారు. ఎవరి కోసం సభ పెట్టారో ఆ పంతొమ్మిది మంది పిల్లలు గోడవారన నిలబడ్డారు. అధికారి నా స్టోర్‌లోని ప్లాస్టర్ మెదడు బొమ్మను పైకెత్తి పట్టుకుని, అడవి బిడ్డల మెదళ్లు కల్మషం లేనివని, ఈ మెదడు రహస్యం వాళ్లే ఛేదించాలని నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ బొమ్మకు కుడి సగం లేదు.

నేను దాన్ని తిరిగి పెట్టెలో పెడుతుంటే బీఎస్సీ ఆఖరి ఏడు చదివే ఒక కోయ అమ్మాయి వచ్చింది.

"సార్, రెండో సగం ఏడ వోయింది?"

"నేను ఉద్యోగంల చేరకముందే పోయింది బిడ్డా."

"మరి ఆ సారు మొత్తం ఉన్నట్టే చెప్పిండు గద?"

"పెద్ద సార్లకు సగం సాలు."

నవ్వలేదు ఆ పిల్ల. వాళ్ల అక్కకు రెండేళ్ల కింద మలేరియా మెదడుకెక్కిందట. బతికింది కానీ, గిన్నె చేతికిస్తే పట్టుకునేలోపే కింద పడేస్తుందట. "జరం వోయింది గని చెయ్యి జల్దీ వస్తలేదు. ఎందుకో దవాఖానల గూడ ఎవలు చెప్తలేరు. నేనే తెలుసుకోవాలె" అంది. ఆ నగరానికి వెళ్లడానికి ఆమెకున్న కారణం అదే.

చేతి వేగం కొలిచే ప్రయోగం మా ల్యాబులో ఒకటి ఉంది. ఒకరు ముప్పై సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదులుతారు. ఎదుటివారు దాన్ని వేళ్లతో పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారిందో చూస్తే, కంటికి కనిపించింది చేతికి చేరడానికి ఎంతసేపు పట్టిందో లెక్క కట్టవచ్చు. పద్దెనిమిది సెంటీమీటర్లంటే సెకనులో అయిదో వంతుకు కొంచెం తక్కువ.

ప్రతి విద్యార్థీ దీన్ని రికార్డు పుస్తకంలో రాస్తాడు. రాస్తాడు అన్నాను, చేస్తాడు అనలేదు. పై తరగతివాళ్ల రికార్డు తెచ్చుకుని చూసి దింపుతాడు, లెక్చరర్ ఎర్ర సిరాతో సంతకం పెడతారు. మూడేళ్ల రికార్డులు నా బీరువాలో ఎనభై ఏడు ఉండేవి. ఎనభై ఏడింటిలోనూ అవే పది అంకెలు, అదే వరసలో, సగటు పద్దెనిమిది. ఆ మూడేళ్లలో స్కేలు స్టోర్ గడప దాటింది ఎన్నిసార్లో నా రిజిస్టర్‌లో చూశాను. ఒక్కసారి కూడా దాటలేదు.

ఆమె నా రిజిస్టర్‌లో సంతకం చేసి స్కేలు తీసుకెళ్లింది. హాస్టల్లో పన్నెండు మందికి, ఆదివారం ఊరికి పోయి అక్కకు, ఒక్కొక్కరికి పదేసి సార్లు వదిలి చూసింది. హాస్టల్ పిల్లలకు పదమూడు నుంచి ఇరవై నాలుగు దాకా వచ్చింది. అక్క ఆరుసార్లు పట్టింది, ఆరుసార్లూ ఇరవై ఆరు దాటాకే. మిగతా నాలుగు గడుల్లో ఆ పిల్ల అంకె వేయకుండా "పడ్డది" అని రాసింది.

"సగటు తియ్యాలె గద, ఆ నాలుగింటికి ముప్పై వేద్దామా?" అన్నాను.

"ముప్పై గాదు గద సార్. పడ్డది."

నాకు సిగ్గేసింది. ఆ పిల్ల చెప్పిందే నిజం.

సంతకం పెట్టాల్సింది జువాలజీ లెక్చరర్. ఆయన ఆ పట్టికను చూసి మొహం చిట్లించారు.

"ఏందమ్మా గిది? పద్దెనిమిది రావాలె గద."

"రాలే సార్."

"అందరికి వచ్చింది, నీకొక్కదానికి ఎందుకు రాలే?"

"అందరు చెయ్యలే సార్."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, ఈ పిల్లకు నువ్వేనా ఎక్కిచ్చింది? నీకు సీసాలు లెక్కబెట్టే పని ఇచ్చినం, అది చూస్కో."

నేను రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చచ్చిన కప్పను తోసినట్టు ఒక వేలితో పక్కకు తోశారు.

"పడ్డది అంట, పడ్డది! సైన్సుల గట్లాంటి రీడింగు ఉంటదా? పద్దెనిమిది రాసుకొని రా, సంతకం పెడ్త."

గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఇక్కడ నా ఘనకార్యం కూడా చెప్పాలి. "రాసెయ్యి బిడ్డా, సంతకం ముఖ్యం" అన్నాను. అంకెలంటే ప్రాణమని చెప్పుకునే మనిషిని, ఎనభై ఎనిమిదో అబద్ధానికి నేనే సలహా ఇచ్చాను.

ఆమె దింపింది. లెక్చరర్ పేజీ చదవకుండానే సంతకం పెట్టారు. కవరు అంటించే ముందు ఆమె తన పట్టికను వెనక జత చేసి, పైన ఒక వాక్యం రాసింది: "ముందున్నది మా కాలేజీలో అందరూ రాసేది, వెనకున్నది నేను కొలిచింది." రిజిస్టర్ పోస్టు నేనే చేసి వచ్చాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అందులో నాలుగు ప్రశ్నలు, నాలుగూ వెనక కాగితం మీదే. స్కేలు ఎవరు వదిలారు, ఏ చేత్తో పట్టారు, అక్కకు జ్వరం తగ్గి ఎన్నాళ్లయింది, పడ్డచోట అంకె వేయకూడదన్నది ఎవరి ఆలోచన. కింద రమ్మని తేదీ వేశారు. ఎర్ర సంతకం గురించి ఒక్క ముక్క లేదు.

ఆమె బస్సెక్కే రోజు లెక్చరర్ పక్కన నిలబడి ఫోటో దిగారు. ఆ ఫోటో నోటీసు బోర్డుకెక్కింది, కింద "మా శిక్షణ ఫలితం" అని రాసి ఉంది. ఆమె దగ్గరున్న పట్టిక నకలు కూడా అడిగి తీసుకుని పక్కనే అంటించారు.

మరుసటి ఏడు పరీక్షలయ్యాక ముప్పై ఒక్క కొత్త రికార్డులు నా బీరువాకు వచ్చాయి. తెరిచి చూశాను. పద్దెనిమిది ఎక్కడా లేదు. ముప్పై ఒక్కింటిలోనూ ఆ పిల్ల పట్టికే ఉంది. చివరి వరసలో "అక్క", నాలుగు గడుల్లో "పడ్డది". అన్నింటి కిందా ఎర్ర సిరా.

పై చదువు అక్కడే చదువుతున్న ఆమె ఆ వేసవి సెలవుల్లో ఊరికి పోతూ దారిలో స్టోర్‌కు వచ్చింది. రికార్డులు చూపించాను. పదో పన్నెండో తిప్పి చూసింది.

"స్కేలు బయటికి వోయిందా సార్?"

రిజిస్టర్ చూపించాను. ఆఖరి సంతకం ఇంకా ఆమెదే.

"మా అక్కకు ఏమైందో ఆడ పెద్ద పెద్దోళ్లకే ఇంక సమజైతలేదు. ఈడ జూస్తే ముప్పై ఒక్క మంది అక్కలకు అదే వచ్చింది." కలం అందుకుంది. "స్కేలు ఇయ్యి సార్. ఏడాదయింది, మళ్ల కొలవాలె."

రెండు రోజులకు తెచ్చి ఇచ్చింది. ఈసారి పడ్డది మూడుసార్లేనట. ఆ సంగతి నేను లెక్చరర్‌కు చెప్పలేదు. చెబితే పై ఏడు అందరికీ మూడే వస్తుంది.