కాప్టెను బతికినాడా

ఒక పుస్తకం బరువెంత ఉంటుంది? చేతిలో పట్టుకుంటే ఏమంత ఉండదు. నేను మాత్రం ఒక పుస్తకాన్ని యౌవనం నుంచి ఈ వయసు దాకా మోశాను. అది ఒక్కనాడూ తేలిక పడలేదు. ఎవరికీ చెప్పలేదు. నా భార్య పోయేదాకా ఆమెకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెబుతున్నాను. ముఖం తెలిసినవాళ్లకు తప్పు చెప్పుకునే ధైర్యం మా వంశంలో ఎవరికీ ఉండేది కాదు. దాన్నే మేము గౌరవం అనుకునేవాళ్లం.

మాది మద్రాసులో చింతాద్రిపేట. తాతల నాడు నెల్లూరు వైపు మాకు ఊళ్లు ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి ఊళ్లు లేవు, గుర్రాలు లేవు. గుర్రాల కొట్టం, కచేరీ గది అనే పేర్లు మాత్రం మిగిలాయి. పేటలో అందరూ నన్ను చిన్నదొర అనేవారు. దొరతనమేమీ లేదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఎవరైనా మరిచిపోయి పేరు పెట్టి పిలిస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

మా బండ్ల కొట్టాన్ని తాతగారు పేటవాళ్లకు పఠనమందిరంగా దానమిచ్చారు. దాంతోపాటు ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టారు. ఇచ్చిన చోట ఇచ్చినవాడు అడుగు పెట్టకూడదు. పెడితే దాని మీద ఇంకా మమకారం ఉన్నట్టే. ఆయన పెట్టలేదు, నాన్నగారు పెట్టలేదు. మందిరానికి అధ్యక్షులం మేమే, కానీ సభ జరిగినప్పుడు మా కుర్చీ బయట అరుగు మీద వేసేవారు. మా ఇంటికీ ఆ గదికీ మధ్య పాత తలుపు ఒకటి ఉండేది. గడియ మా వైపు ఉండేది. తాతగారు తన చేత్తో వేసిన ఆ గడియను ఇక ఎవరూ తీయరని పేటంతా నమ్మేది. నేనూ నమ్మేవాణ్ణి.

మందిరాన్ని చూసుకునేవాడు గోవిందస్వామి నాయుడు. నాకంటే చాలా పెద్దవాడు. పగలు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవాడు, సాయంత్రం చాపలు పరిచి చదివి వినిపించేవాడు. పేటలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే. కాని కొందరు అరవ బడిలో చదివారు, కొందరు అసలు చదవలేదు. తెలుగు అక్షరాలు రావు. అందుకని వినడానికి వచ్చేవారు. నాయుడు పురాణాలు చదివినన్నాళ్లూ వచ్చి కునికిపాట్లు పడేవారు.

అది మద్రాసు ఎవరిదన్న గొడవలు వీధుల్లో రేగుతున్న కాలం. ట్రాములు ఇంకా నడుస్తున్నాయి. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన పాత పుస్తకాల్లో సముద్రపు దొంగల నవల ఒకటి మందిరానికి చేరింది. ఇంగ్లీషు నుంచి తెలుగులో పెట్టినది. మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. నాయుడు దాన్ని చదవడం మొదలుపెట్టిన వారానికి చాపలు చాలలేదు. హార్బరులో మూటలు మోసే నరసింహులు మా పేట అల్లుడు. అతను రాయపురం నుంచి పని బట్టలతోనే వచ్చేవాడు. పూలమ్మే రంగమ్మ బుట్ట గుమ్మంలో పెట్టి కూర్చునేది.

నేనూ వినేవాణ్ణి. మూసిన తలుపుకు ఇవతల, చీకటి నడవలో, ముక్కాలిపీట వేసుకుని. ఆ పీటను నేనే మోసుకెళ్లేవాణ్ణి. వంటామెకు తెలియకూడదని.

ఎందుకు విన్నాను? అప్పుడు నన్ను నేను అడగలేదు, తరవాత చాలాసార్లు అడిగాను. మా ఇంట్లో కావ్యాలు ఉన్నాయి, నాకు వాటిలో చాలా శ్లోకాలు నోటికి వచ్చు. కాని ఏ కావ్యమూ నన్ను చీకట్లో పీట మీద కూర్చోబెట్టలేదు. ఆ ఓడలో ఎవడి తండ్రి ఎవరో ఎవడూ అడగడు. కాప్టెనును జనం చేతులెత్తి ఎన్నుకుంటారు, నచ్చకపోతే దించేస్తారు. పుట్టుకతో ఏదీ రాదు, పుట్టుకతో ఏదీ పోదు. పోగొట్టుకున్నవి తప్ప ఏమీ లేని ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట ఎంత భయంగా ఉంటుందో, ఎంత హాయిగా ఉంటుందో మీరు ఊహించగలరా? నరసింహులుకు హాయి మరో చోట ఉండి ఉంటుంది. రంగమ్మకు ఇంకో చోట. అందరం ఒకే ఓడ ఎక్కేవాళ్లం, ఎవరి రేవులో వాళ్లం దిగేవాళ్లం.

ఒక సాయంత్రం నావికులు తిరగబడ్డారు. కాప్టెనును ఒక ఇసుక దీవిలో దింపి, ఒక నీళ్ల కుండ ఇచ్చి, తెరచాప తిప్పుకుని వెళ్లిపోయారు. నాయుడు అక్కడ పుస్తకం మూశాడు.

“కుండెడు నీళ్లిచ్చినారంటే మంచోళ్లేనప్పా. మా మేస్త్రీ అదీ ఇయ్యడు” అన్నాడు నరసింహులు. అందరూ నవ్వారు. రంగమ్మ నవ్వలేదు.

“ఆయన్ను ఆడ వదిలేసి నువ్వు ఇంటికిపోయి అన్నమెట్లా తింటావు నాయుడూ? ఇంకొంచెం చదువు.”

“నాకూ తెలీదమ్మా ముందు ఏముందో. ముందే చదివేసుకుంటే గొంతులో భయం ఉండదు” అన్నాడు నాయుడు. అది అతని పద్ధతి. ఏ పుట అయినా అందరితోపాటు అప్పుడే మొదటిసారి చదివేవాడు.

ఆ రాత్రి అన్నం తినలేనిది నేను. మర్నాడు మధ్యాహ్నం, నాయుడు మందిరానికి తాళం వేసి భోజనానికి వెళ్లిన వేళ, నేను గడియ తీశాను. తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. సులువుగా వచ్చింది. తాతగారు దాటని గడప దాటి, పుస్తకం తీసుకుని, మళ్లీ గడియ వేశాను. సాయంత్రంలోగా చదివి పెట్టేద్దామనే అనుకున్నాను. నిజం. కాని సాయంత్రానికి పూర్తి కాలేదు. ఆ తరవాత పెడితే ఆ తలుపు తెరుచుకుందని తెలిసిపోతుంది. గుమ్మంలోంచి వెళ్లి చీటీలో సంతకం పెట్టి తీసుకుని ఉండవచ్చు కదా అంటారు. మా ఇంటి పేరు, కింద సముద్రపు దొంగల నవల అని! నా చెయ్యి తెగినా రాసేది కాదు. ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోవడాన్ని దత్తాపహారం అంటారు. మా వంశంలో అది చేసినవాడు లేడని నాన్నగారు చివరి రోజుల్లో కూడా చెప్పుకునేవారు. ఆ ఒక్కటే మిగిలిన ఆస్తి. దాన్ని కూడా నేనే పోగొట్టాను, ఒక కథ కోసం.

ఆ సాయంత్రం తలుపు ఇవతల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సందులోంచి సన్నని వెలుతురు పుట మీద పడుతోంది. పుస్తకం లేదని నాయుడు చెబుతాడు, జనం లేచిపోతారు అనుకున్నాను. అతను గొంతు సవరించుకుని, “సరి, నిన్న యాడ ఆపినాం?” అన్నాడు. చదవడం మొదలుపెట్టాడు. నేను పుట వెతుక్కున్నాను. ఒక్క వాక్యమూ కలవలేదు.

అతను కల్పిస్తున్నాడు. పుస్తకాలకు పూచీ తనది. పోయిందని చెబితే ఉన్న కాస్త నీడా పోతుంది. అందుకని చేతికందిన ఇంకో పుస్తకం తెరిచి పట్టుకుని, లేని పుటలు తిప్పుతూ, లేని కథ చదువుతున్నాడు. అతని కథలో కాప్టెను ఎండకు సొమ్మసిల్లిపోయాక రాయపురం జాలరులు దుంగలు కట్టిన కట్టుమరం మీద వచ్చారు. అంత మంది జనాన్ని ఏలినవాణ్ణి తడి దుంగ మీద కూర్చోబెట్టి, “కదలొద్దు, కదిలితే అందరం మునిగిపోతాం” అన్నారు. కదలకుండా కూర్చున్నాడు. వాళ్లు పెట్టిన చద్దన్నం, వేయించిన చేప తిన్నాడు. నరసింహులు ఆనందం పట్టలేక, ఆ జాలరులు తమ వీధివాళ్లే అయి ఉంటారన్నాడు.

అసలు పుస్తకం నా ఒళ్లో ఉంది. అయినా నేను నాయుడి మాటే విన్నాను. ఆ సాయంత్రమే కాదు, తరవాత రోజులూ. పుస్తకం చదవడం అయిపోయినా తిరిగి పెట్టకపోవడానికి అదీ ఒక కారణమేమో. పెడితే అతను కల్పించడం మానేస్తాడు.

అట్లాగే సాగి ఉంటే ఏమయ్యేదో. ఒకనాడు బడిపంతులు ఒకాయన వచ్చి కూర్చున్నాడు. విన్నాడు, మెచ్చుకున్నాడు. ఇంత మంచి పుస్తకం పేరేమిటో చూద్దామని నాయుడి చేతిలోంచి తీసుకున్నాడు. మందిరంలో అన్ని పుస్తకాలకూ గోధుమరంగు కాగితపు అట్టలే. లోపల చూస్తే కీళ్లనొప్పులకు కషాయాలు. పంతులు గట్టిగా చదివాడు. మొదట అందరూ నవ్వారు. తరవాత ఎవరో, అయితే ఆ పుస్తకం ఏమైందని అడిగారు. నవ్వు ఆగిపోయింది.

సభ పెట్టారు. అప్పటికి నాన్నగారు లేరు, అరుగు మీద నా కుర్చీ వేశారు. మూర్ మార్కెట్టు పాత పుస్తకాల అంగళ్లలో అమ్ముకుని ఉంటాడని ఒకరన్నారు. తాళం తాళంలాగే ఉంది, తాళంచెవి నాయుడి దగ్గరే ఉంది, ఇక వేరే ఎవరు తీస్తారన్నారు ఇంకొకరు. పుస్తకం లేకపోయినా కథ ఇచ్చినాడు గదా, మాకేం నష్టమని నరసింహులు ఒక్కడే వాదించాడు. చివరికి అందరూ నా వైపు తిరిగారు.

నాన్నగారి గొంతు అరువు తెచ్చుకుని నేనన్న మాట ఇది: “నమ్మి అప్పగించినదాన్ని కాపాడలేనివాడు అక్కడ ఉండడం మర్యాద కాదు.” వీపు నిటారుగా పెట్టుకునే అన్నాను. నాయుడు నన్ను చూడలేదు. తెరిచి ఉన్న గుమ్మంలోంచి, గది లోపలి గోడకున్న పాత తలుపు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున ఇంటికి వచ్చాడు.

“తాళంచెవులు ఇచ్చిపోదామని వచ్చినా, చిన్నదొర.”

“అక్కడ పెట్టు.”

పెట్టాడు. వెళ్లలేదు. “ఒక మాట అడగొచ్చునా?”

“అడుగు.”

“నన్ను పొమ్మన్నదానికి నేనేం అనడంలేదు. అది పోనీండి. ఆ దీవిలో ఆయన్ను వదిలేసినారు గదా. నేనేదో కట్టుమరం తెచ్చి ఒడ్డుకు చేర్చినా. అసలు కథలో ఏమైనాడో తెలీక నిద్ర పట్టలేదు. కాప్టెను బతికినాడా?”

అందులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. దొంగ పట్టుబడ్డాడన్న సంతోషమూ లేదు. కథ సగంలో తెగిపోయిన మనిషి అడిగే ప్రశ్న, అంతే. ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. పుస్తకం పక్క గదిలో, నా పరుపు కింద ఉంది.

“నాకెట్లా తెలుస్తుంది నాయుడూ?” అన్నాను.

అతను తల ఊపాడు. అప్పుడు నవ్వాడు. “అవునులే. పెద్దింటోళ్లు, మీరు ఇట్లాంటి కథలు యాడ చదువుతారు” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పుస్తకం తీసినందుకు నాకు అంత బాధ లేదు. అతని పని పోగొట్టినందుకు బాధ ఉంది, ఏడాదికేడాది ఎక్కువైంది. అయినా నన్ను నిద్రలోంచి లేపేది ఆ ప్రశ్నే. చదివే అలవాటున్న ఏ మనిషైనా ఇంకో మనిషి దగ్గర దాచకూడనిది దాచాను. ఎందుకు? ఒప్పుకుంటే అతని ముందు చిన్నబోతానని. అతని ముందు అప్పటికే చిన్నబోయానని తెలిసి కూడా.

నాయుడు రాయపురం వెళ్లాడు. నరసింహులు గోదాములో కావలి పని ఇప్పించాడట. సాయంత్రాలు ఒడ్డున కూర్చుని కాప్టెను కథ చెబుతుంటాడని, అది ఎప్పటికీ అయిపోదని రంగమ్మ మా వంటామెతో అనగా విన్నాను. ఒకసారి ట్రామెక్కి అటు వెళ్లాను. దూరంగా జనం గుంపు కనిపించింది, మధ్యలో ఎవరో చేతులు తిప్పుతున్నారు. నేను దిగలేదు. ఆ బండిలోనే తిరిగి వచ్చాను. పఠనమందిరంలో పంతులుగారు నీతి పుస్తకాలు చదివారు. జనం పలచబడ్డారు. కొన్నాళ్లకు మందిరం మూతబడింది. ఆ తరవాత మా ఇల్లూ చేతులు మారింది.

ఇప్పుడు మైలాపూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాను. కావ్యాలన్నీ ఎవరెవరికో వెళ్లిపోయాయి. ఈ నవల ఉంది. చదువుతూనే ఉన్నాను. ఓడ, దీవి, తిరుగుబాటు, అన్నీ ఎక్కడ వస్తాయో తెలుసు. అయినా దీవి దగ్గరకు రాగానే పుట తిప్పకుండా ఆగిపోతాను. ఈ కథలు పిల్లలకని అంటారు. కాదు. ఒడ్డున వదిలేయబడ్డ ప్రతివాడికీ ఇవి కావాలి. ఇంకో ఓడ వస్తుందా అని చూసే ప్రతివాడికీ. నేను చదివినప్పుడల్లా ఆ పుట దగ్గర నాకు అచ్చులో ఉన్న వాక్యాలు వినిపించవు, చెక్క తలుపు అవతలి గొంతు వినిపిస్తుంది.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. కిటికీ తెరిచాను. ఆశ్చర్యంగా, ఊపిరి కింద దాకా వెళ్లింది. మీరు నన్ను క్షమించనక్కరలేదు. క్షమించవలసినవాడు ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. కనుక్కునే ప్రయత్నం నేను చేయలేదు, అదీ రాసుకోండి. కాని ఆ రోజు మెట్ల దగ్గర చెప్పవలసిన జవాబు ఇవాళ ఈ కాగితం మీద చెప్పగలను. ఆలస్యమే. అయినా చెబుతాను.

బతికినాడు, నాయుడు గారూ. తిరగబడ్డవాళ్లే దారి తప్పి, ఆయన లేకపోతే ఓడ నడవదని తెలుసుకుని వెనక్కి వచ్చారు. పడవ ఒడ్డుకు తెచ్చి, ఎక్కమని అడిగారు. ఆయన ఒక్క మాటా అనకుండా ఎక్కాడు. పుస్తకం అక్కడితో అయిపోతుంది. అందులో కట్టుమరం లేదు. నాకు మీదే బాగుంది.