రెండో వరుసలో చివరి మనిషి

పోయిన నెలలో మా ఆసుపత్రి ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి స్టోరు కిటికీ దగ్గరికి వచ్చి, మా వదిన ఫొటో ఏదైనా ఉందా అని అడిగింది. వదిన అంటే నా భార్యకు అక్క. ఇక్కడ పెద్ద నర్సు. ఆ నెలాఖరుకే ఆమె రిటైర్మెంటు. రిటైరైన పెద్ద నర్సుల ఫొటోలు ఓపీ వరండాలో వరుసగా తగిలించడం మా దగ్గర ఆనవాయితీ. అప్పటికి ముగ్గురివి ఉన్నాయి. నాలుగో మేకు కూడా కొట్టేశారు. స్టూడియోకు వెళ్లి ఫొటో దిగమంటే వదిన ఒప్పుకోలేదట. అందుకు కారణం నాకు తెలుసు. ఒకసారి ఐడీ కార్డు కోసం తీయించుకుంటే, స్టూడియోవాళ్లు ఎవరూ అడగకుండానే ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి ఇచ్చారు. ఆ కార్డు చూసి గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ మనిషి, ఇది మీది కాదంటూ ఆమెను ఆపేశాడు. అప్పటినుంచి స్టూడియో మాటెత్తితే చాలు, తన ముఖం తనకు చాలంటుంది.

"ఫైల్స్ అన్నీ వెతికాను అంకుల్, మేడమ్ ఫేస్ ఒక్కదాంట్లో కూడా క్లియర్‌గా లేదు. దొరక్కపోతే పేరు రాసి, పైన పూలబొమ్మ పెట్టేద్దామంటున్నారు," అంది ఆ అమ్మాయి.

ఆసుపత్రి వార్షికోత్సవం రోజున తీసే గ్రూపు ఫొటోలన్నీ నా దగ్గర ఉన్నాయి. మొత్తం ఇరవై ఒకటి. అంటే నేను ఇక్కడ స్టోరులో ఉద్యోగానికి చేరినప్పటినుంచి ఒక్కటీ పోలేదు. ఆ ఉద్యోగం వేయించింది కూడా వదినే. పదో తరగతితో చదువు ఆపి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడిని ఎవరు నమ్ముతారని నేనంటే, అప్పటి మేనేజరు ముందు నన్ను నిలబెట్టి, సిరంజీల పెట్టెలు లెక్కపెట్టమంది. పదకొండు వందల నలభై. వాళ్ల పుస్తకంలో పదకొండు వందల ఇరవై ఉంది. మళ్లీ లెక్కపెడితే నాదే సరైంది. ఆ వార్షికోత్సవం నుంచే ఫొటోకు మనుషుల్ని నిలబెట్టే పని నాకు అప్పగించారు. అంతకుముందు తోపులాటలయ్యేవట. నేను టేపు పెట్టి అందరి ఎత్తులూ కొలిచి కాగితం మీద వరుసలు గీశాను. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. డాక్టరని లేదు, ఆయా అని లేదు, డైరెక్టరు ఒక్కరే మధ్య కుర్చీలో. అంతా కొలత ప్రకారమే అయింది కనుక ఎవరికీ అన్యాయం జరగలేదన్నది ఇన్నేళ్లూ నా ధీమా. డైరెక్టరు భార్య ఒక ఏడాది హైహీల్స్ వేసుకొస్తే, అవి తీయించి మరీ కొలిచిన మనిషిని.

ఫొటోలన్నీ బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. ఇరవై ఒక్కసార్లూ వదిన రెండో వరుసలోనే ఉంది, ఎత్తు ప్రకారం అది సరే. కానీ ఇరవై ఒక్కసార్లూ వరుస చివరనే ఉంది. పన్నెండుసార్లు ఎడమ కొసన, తొమ్మిదిసార్లు కుడి కొసన. మా ఫొటోలు పోర్టికో కింద తీస్తారు. వెలుతురు నడుమ పడుతుంది, కొసలు నీడలో ఉంటాయి. పైగా ఫొటోగ్రాఫరు వెలుతురు కొలిచేది డైరెక్టరుగారి ముఖం చూసి. ఆయన పచ్చటి మనిషి, చుట్టూ తెల్లకోట్లు. ఆ కొలతకు మా వదిన ముఖం నీడలో కలిసిపోయింది. టోపీ కనబడుతుంది, దాని కింద ఏమీ కనబడదు. ఆమె నడుము దగ్గర మాత్రం ప్రతి ఫొటోలోనూ ఒక తెల్లటి మచ్చ ఉంది. అచ్చులో లోపమనుకున్నాను.

ఎత్తు ప్రకారం రెండో వరుస వస్తుంది గానీ, వరుసలో కొస ఎలా వస్తుంది? నా పాత కాగితాలు తీశాను. కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న చుక్కలున్నాయి. చేతిరాత నాదే. మొదట అవి ఏమిటో గుర్తు రాలేదు. చుక్క ఉన్న పేర్లు ఒకచోట రాసుకున్నాను. వదిన, లాండ్రీలో పనిచేసిన ముసలాయన, ఇద్దరు ఆయాలు, ఒక ఏడాది ల్యాబులో శిక్షణకు వచ్చిన ఆఫ్రికా కుర్రాడు. ఎత్తు, వయసు, ఉద్యోగం ఏవీ కలవలేదు. కలిసింది రంగు ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడాది హొసకోటె నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు నా చెవి దగ్గర, "నల్లగా ఉండేవాళ్లు నడుమ నిలబడితే ఫొటో డల్లు కొడతాది సార్, స్వల్ప పక్కలకి జరపండి," అన్నాడు. వెలుతురు సంగతి నాకేం తెలుసు, తెలిసినవాడి మాట కదా అని చుక్కలు పెట్టాను. మరుసటి ఏడాదినుంచి అతను చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. పాత కాగితం చూసి కొత్త కాగితం గీసేటప్పుడు చుక్కలు కూడా ఎక్కించాను. నేనేమీ తెల్లటివాణ్ణి కాను. అయినా నా పేరు పక్కన నేను చుక్క పెట్టుకోలేదు. డైరెక్టరు నుంచి లెక్కపెడితే మూడో మనిషిని, అన్ని ఫొటోల్లోనూ పళ్లతో సహా కనబడతాను.

ఆ ఆదివారం కాడుగోడిలో వదినవాళ్లింటికి కాగితాలు పట్టుకుని వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చుక్కల సంగతి చెప్పాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"నాకు తెల్దనుకుంటివా అప్పా? టేపు పట్టుకోని అందర్నీ కొలిచేది చూసి, మా మరిది ఎంత న్యాయస్థుడో అని నవ్వుకొంటా ఉంటిని."

మరి అడగలేదేమన్నాను.

"నువ్వు మనిషిని చూసేవాడివైతే అడిగేదాన్ని. నువ్వు కాగితం చూస్తా ఉంటివి." ఒలిచిన గింజలు గిన్నెలోకి తోసి అంది, "నువ్వు నిలబెట్టిన మొదటి ఫొటో ఇంటికి తెచ్చినప్పుడు నా బిడ్డలు అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని ఎతికినారు. దొరకలేదు. చిన్నది ఏడ్చింది. ఆ మరుసటేడు నుంచి చేతిలో తెల్ల కర్చీఫు పట్టుకుంటిని. కర్చీఫు చూసి, ఇదో అమ్మ ఈడ ఉండాది అనేవాళ్లు."

ఇంటికొచ్చి మళ్లీ భూతద్దం పెట్టాను. మొదటి ఫొటోలోనూ తెల్ల మచ్చ ఉందని నేను అనుకున్నది పొరపాటు. ఇరవై ఒకటిలో ఇరవైలోనే ఉంది. నేను లెక్క తప్పడం అరుదు.

ఈ ఏడాది వార్షికోత్సవం ఆమె రిటైరయ్యే ముందు వారంలోనే వచ్చింది. వదినను నడుమ నిలబెడతానంటే వద్దంది. "నేను నిలబడే తావు నాకు అలవాటే. వెలుగునే ఈడికి రమ్మను." అందుకని పోర్టికో వదిలేసి, అందర్నీ వెనకవైపు ఆరుబయట, మబ్బు పట్టిన వెలుతురులో నిలబెట్టాం. అదే హొసకోటె ఫొటోగ్రాఫరు, ఇప్పుడు జుట్టు నెరిసింది. వెలుతురు వదిన ముఖం మీద కొలవమన్నాను. తెల్లకోట్లు పేలిపోతాయి సార్, మడత కూడా కనబడకుండా తెల్లగా అయిపోతాయి అన్నాడు. పేలిపోనీ, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పమన్నాను. ఫొటో వచ్చాక డైరెక్టరుగారు చాలాసేపు చూసి, నేనేంటి ఇలా పిండిలో పడ్డట్టున్నాను అన్నారు. నేను వరుసలు గీసిన పాత కాగితం చూపించి, చుక్కల సంగతి చెప్పాను. ఆయన కాగితం చూశారు, ఫొటో చూశారు, రెండూ నా చేతికి తిరిగిచ్చేశారు. ఆఫీసు అమ్మాయి అందులోంచే వదిన వరకు కత్తిరించి పెద్దది చేయించింది. నాలుగో మేకుకు ఇప్పుడు అదే ఉంది. రంగు ఆమెదే. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

కెమెరా తెరుచుకుని మూసుకోవడానికి సెకనులో నూట ఇరవై ఐదో వంతు పడుతుందని ఫొటోగ్రాఫరు చెప్పాడు. ఇంటికొచ్చి లెక్క వేశాను. పాత ఫొటోలు ఇరవై ఒకటీ కలిపినా సెకనులో ఆరో వంతు. అంత కొంచెం కాలంలో ఏం జరిగిందో చూడటానికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.